హరిదాసు శ్రీమదజ్జాడ ఆదిభట్ల నారాయణదాసుగారు

విజయనగరమునకు పడమట, అనంతగిరి కొండల పాదమున నున్న శృంగవరపుకోట మొదలుకొని బొబ్బిలి, పార్వతీపురముల వరకు గల కళింగాంధ్ర సీమలో పెద్దల కాలమునుండి వచ్చిన అలవాటొకటి కలదు. తెల్లవారుజామున ఇల్లాలు ముంగిట కల్లాపి చల్లి, ముగ్గు పెట్టి, దేవుని గూటిలో దీపము వెలిగించి, నిద్రకన్నులతో వచ్చి కూర్చున్న పిల్లవానిచేత పోతనగారి భాగవతమునుండి ఒకటి రెండు పద్యములు చెప్పించును. వానికి అర్థము తెలియదు. తల్లి యెట్లు పలికిన అట్లు పలుకును. తప్పినచో ఆమె దిద్దును. చక్కగా పలికినచో పైకి ఏమియు అనదు. దిష్టి తగులునని భయము. అయితే సాయంకాలము ఇరుగుపొరుగు అమ్మలక్కలు వచ్చినపుడు మాత్రము ఏదో నెపమున పిల్లవానిని పిలిచి, పొద్దుటి పద్యమును మరల పాడించును. దానిని గర్వమందుమో, భగవంతునికి చెప్పుకొన్న కృతజ్ఞత యందుమో, ఆ తల్లికే తెలియదు.

అట్టి యొక తల్లి యొడిలోనుండి తెలుగుదేశమునకు హరికథ లభించినది.

బొబ్బిలికి చేరువనున్న అజ్జాడ అగ్రహారమున, రక్తాక్షి నామ సంవత్సర శ్రావణ బహుళ చతుర్దశినాడు, అనగా 1864వ సంవత్సరము ఆగష్టు 31వ తేదీన ఆదిభట్లవారి యింట ఒక శిశువు జన్మించెను. తండ్రి వేంకటచయనులుగారు పండితులు, పురాణము చెప్పువారు. తల్లి నరసమాంబ. శిశువునకు సూర్యనారాయణ యని పేరు పెట్టిరి. తరువాతి కాలమున లోకము ఆ పేరులోని మొదటి సగమును మరచిపోయి, రెండవ సగమునకు దాసశబ్దమును చేర్చి పిలిచినది. నారాయణదాసు అనునది తల్లిదండ్రులు పెట్టిన పేరుకంటె ఎక్కువగా ఆయన జీవితమునకు అతికినది.

తండ్రి పురాణము చెప్పునప్పుడు విని కొంత, తల్లి యొడిలో కూర్చుండి కొంత, ఆ బాలుడు మాటలు వచ్చిన నాటినుండియే శ్లోకములను, పద్యములను కంఠస్థము చేసెను. ఒకసారి విన్నది మరచుట యెరుగడు. ఆయన అయిదేండ్ల ప్రాయమున జరిగిన ముచ్చట నొకదానిని ఆ సీమవారు నేటికిని చెప్పుకొందురు. తల్లి బాలుని వెంటబెట్టుకొని యాత్రకు వెళ్ళినది. అక్కడ పుస్తకముల దుకాణము కనబడినది. యాత్రకు వచ్చిన పిల్లలు మిఠాయికో, కొయ్యబొమ్మకో మారాము చేయుదురు గదా, ఈ బాలుడు భాగవతము కొనిపెట్టుమని మారాము చేసెను. దుకాణదారు నవ్వి, ఇంత చిన్నవానికి భాగవతముతో పనియేమి, అందులో నీకేమైన వచ్చునా యని అడిగెను. బాలుడు బదులు చెప్పక, నిలుచున్న చోటనే గజేంద్రమోక్షమునందలి పద్యములను రాగయుక్తముగా పాడసాగెను. దారిన పోవువారు ఆగిరి. దుకాణదారు ఆశ్చర్యపడి, గ్రంథమును వెల తీసికొనకయే బాలుని చేతిలో పెట్టెనని చెప్పుదురు.

ఈ కథలో బాలుని ప్రతిభ కలదు, వర్తకుని ఔదార్యము కలదు. తల్లి యేమి చేసినదో చెప్పినవారు లేరు. కాని ఆ పద్యములు బాలునికి ఎక్కడినుండి వచ్చినవి? ప్రతిదినము దీపము ముందర కూర్చుండి నేర్పిన పాఠము ఆనాడు నడివీధిలో పరీక్షకు వచ్చినది. ఆ జనసమూహములో ప్రతి పద్యమునకును బాలునితోపాటు పెదవి కదల్చినది, ఎక్కడ తడబడునోయని ఊపిరి బిగబట్టినది ఆమె యొక్కతెయే అయియుండును.

బాలుడు పాడుటకు గజేంద్రమోక్షమునే ఎన్నుకొనుట కూడ తలపోయదగినది. భాగవతమున అష్టమస్కంధములోని ఆ ఘట్టము తెలుగు ఇండ్లలో నిత్యపారాయణమువంటిది. మడుగులో మొసలిచే పట్టుబడిన ఏనుగు తన బలమంతయు వ్యయమైన పిదప, తానెన్నడును చూడని పరమాత్మను పిలుచును. ఆ పిలుపునకు స్వామి ఆయుధములైనను సవరించుకొనక పరుగెత్తి వచ్చును. బలగర్వము పోయిన పిదపనే నోట నిజమైన ప్రార్థన వెలువడుట అందలి కీలకము. అయిదేండ్లవానికి గర్వమేమి, గర్వభంగమేమి యని అడుగవచ్చును. నారాయణదాసుగారి జీవితమును తుదివరకు చూచినవారికి ఆ పద్యములు వారికి ఎంత అవసరమో తెలియును.

బాల్యముననే బొబ్బిలి సంస్థాన విద్వాంసులైన వాసా సాంబయ్యగారి వద్ద వారికి సంగీతశిక్షణ లభించెను. వీణపై వారికి గల అధికారమునకు అది మొదలు. పిమ్మట విద్యాభ్యాసమునకై విజయనగరము చేరిరి. ఆనాటి విజయనగరము పూసపాటి గజపతుల యేలుబడిలో విద్యలకు నెలవు. సింహాచల క్షేత్రమునకు వంశపారంపర్య ధర్మకర్తలైన ఆ ప్రభువుల కొలువులో వైదికులు, వైణికులు, కవులు, నటులు అందరును ఉండెడివారు. అచట దాసుగారు ఇంగ్లీషు పాఠశాలలో చదివిరి. ఆ భాషపై సాధించిన పట్టు వారికి తరువాత షేక్స్పియరు నాటకముల వరకు దారి చూపినది. ఇంగ్లీషు చదివిన యువకునికి ఆ రోజులలో కచేరీలలో కొలువు దొరకుట కష్టము కాదు. ప్లీడరుగానో, గుమాస్తాగానో స్థిరపడి సుఖముగా జీవింపవచ్చును. పండిత కుటుంబములకు కూడ ఆ ఆశ అప్పుడప్పుడే కలుగుచుండెను.

1883వ సంవత్సరమున మద్రాసునుండి కుప్పుస్వామినాయుడుగారను భాగవతులు విజయనగరమునకు వచ్చి హరికథ చెప్పిరి. పందొమ్మిదేండ్ల నారాయణదాసుగారు విని ఇంటికి పోయిరి. ఆ రాత్రితో వారి మార్గము నిశ్చయమైనది. కొద్దిరోజులలోనే వారు తమంతట తాముగా ఒక హరికథ రచించి విజయనగరముననే గానము చేసిరి. అదియే ధ్రువచరిత్రము.

హరికథ యన నేమో ఈ తరము పాఠకులకు కొంచెము చెప్పవలసియున్నది. పట్టుపంచె కట్టి, మెడలో పూలదండ వైచుకొని, కాళ్ళకు గజ్జెలు, చేత చిడతలు ధరించి దాసుగారు ఒంటరిగా సభ ముందు నిలుతురు. వెనుక మృదంగము, ఫిడేలు. కీర్తన, పద్యము, వచనము, అభినయము, నాట్యము, నడుమనడుమ నవ్వించు పిట్టకథ అన్నియు ఆ యొక్కనినుండియే రావలెను. ధ్రువుడు తానే, సునీతి తానే, నారదుడు తానే, శ్రీహరియు తానే. మూడు నాలుగు గంటలసేపు, ఒక్కొక్కప్పుడు తెల్లవారువరకు, మైకు లేని ఆ రోజులలో పందిరి చివర కూర్చున్న ముదుసలికిగూడ మాట స్పష్టముగా వినబడవలెను. సంగీతము తెలిసినవానికి సాహిత్యము తక్కువైనను, సాహిత్యము తెలిసినవానికి లయ తప్పినను కథ నిలువదు. కథాకాలక్షేపము అంతకుముందును కలదు. దానిని సర్వకళాసమాహారముగా, తెలుగు పలుకుబడితో, పండితుడును పామరుడును ఒకే పందిరిలో తలయూపునట్లు తీర్చినవారు దాసుగారు. అందుచేతనే వారిని హరికథాపితామహుడని లోకము కొనియాడినది.

తొలికథకు వారు ధ్రువుని ఎన్నుకొనిరి. ఆ కథను మరల స్మరించిన యెడల ఎన్నిక యెంత సహజమో తోచును. భాగవత చతుర్థస్కంధములో ధ్రువుడును అయిదేండ్లవాడే. ఉత్తానపాదుని తొడపై కూర్చుండబోయి, పినతల్లి సురుచి పలికిన పరుషవాక్యములకు నొచ్చుకొని, కన్నతల్లి సునీతి వద్దకు ఏడ్చుచు పోయెను. ఆమె కొడుకును రెచ్చగొట్టలేదు, సవతిని తిట్టలేదు. శ్రీహరి పాదములను ఆశ్రయింపుమని దారి చూపినది. అడవిలో నారదుడు ఎదురై ద్వాదశాక్షరీ మంత్రము నుపదేశించెను. మధువనమున ఆరుమాసములు తపస్సు చేసిన పిదప స్వామి ప్రత్యక్షమయ్యెను. అప్పుడు బాలునికి స్తుతింపవలెనని కోరిక కలదు గాని, మాట రాదు. చేతులు జోడించి నిలిచిపోయెను. భగవంతుడు వాని మనసు గ్రహించి తన శంఖముతో వాని చెక్కిలి తాకెను. తత్క్షణమే ఆ పసినోటినుండి వేదార్థములు స్తోత్రరూపమున వెలువడినవి.

చెక్కిలి తాకిన ఆ శంఖమును గూర్చి పెద్దలు ఎన్నియో వ్యాఖ్యానములు చేసిరి. గృహస్థునికి తెలియవలసినది ఒక్కటి కలదు. పిల్లవాడు చక్కగా పాడినను, పద్యము కట్టినను, బొమ్మ గీసినను ఆ శక్తి వానిది కాదు, కన్నవారిది కాదు. ఎక్కడనో శంఖస్పర్శ జరిగియున్నది. అయితే శంఖము తాకువరకు పిల్లవానిని నడిపించినది సునీతి మాట. కథ చివర వ్యాసభగవానుడు ఆ తల్లిని మరువలేదు. ధ్రువపదమునకు గొనిపోవుటకు దివ్యవిమానము వచ్చినపుడు ధ్రువుడు దానిపై నిలిచి, దీనురాలైన తల్లిని విడిచి నేనొక్కడనే యెట్లు పోదునని తలచెను. విష్ణుదూతలు వాని తలపు నెరిగి, ముందర పోవుచున్న మరియొక విమానమును చూపిరి. అందు సునీతి కూర్చుండియున్నది. కొడుకుకంటె ముందుగానే తల్లి పయనమైనది! పుస్తకముల దుకాణము ముందు పాడిన బాలుడు పెద్దవాడై గజ్జెకట్టిన తొలిరాత్రియే ఈ కథ నెత్తుకొనుట యాదృచ్ఛికమని అనుటకు మనసొప్పదు.

ఆపైన అంబరీషచరిత్రము, గజేంద్రమోక్షణము, ప్రహ్లాదచరిత్రము, రుక్మిణీకల్యాణము, భీష్మచరిత్రము, సావిత్రీచరిత్రము, యథార్థరామాయణము మున్నగు హరికథలు వరుసగా వెలువడినవి. సంస్కృతమునను హరికథలు రచించిరి. గంజాము సీమనుండి మచిలీపట్టణము వరకు, మద్రాసునుండి మైసూరు వరకు సంచరించి కథలు చెప్పిరి, అష్టావధానములు చేసిరి. విజయనగర ప్రభువులైన ఆనందగజపతి మహారాజు 1897లో దివంగతులగువరకు వారిని ఆదరించిరి. లయలో వారికి గల ప్రభుత్వము అసాధారణము. రెండు చేతులతో రెండు, రెండు పాదములతో రెండు, శిరస్సుతో ఒకటిగా అయిదు తాళములను ఏకకాలమున నిర్వహించెడివారని చూచినవారు చెప్పిరి. తొంబది రాగముల నామములను కూర్చి ఒక రాగమాలిక రచించుట వారికే చెల్లినది. ఈ సన్మానముల పట్టిక పెద్దది; దానిని ఇంతటితో విడుచుట మేలు.

విడువరాని దొకటి కలదు. దాసుగారికి తమ విద్యపై అభిమానము మెండు. సభలో తమకు సమానుడు లేడను ధీమా వారి నిలువునందే కనబడెడిది. యౌవనమున వారి నడవడి నియమబద్ధముగా ఉండలేదు. ఇది ఇతరులు మోపిన నింద కాదు. నా యెరుక యను పేర తాము రచించుకొన్న స్వీయచరిత్రములో, సుమారు ముప్పదియేండ్ల వయస్సువరకు జరిగిన సంగతులను, తమ తప్పటడుగులతోసహా, వారే దాపరికము లేక చెప్పుకొనిరి. హరిదాసునకు ఇది తగునా యని సంకోచించువారు ఉండవచ్చును. భాగవతములోని గజేంద్రుడు కూడ పూర్వజన్మమున ఇంద్రద్యుమ్నుడను మహారాజు, విష్ణుభక్తుడే. అయినను అగస్త్యమహర్షి వచ్చినపుడు లేవనందున ఏనుగై పుట్టవలసివచ్చెను. భక్తి యుండియు గర్వము పోని స్థితి కొత్తది కాదు. చిన్ననాడు నోటికి పట్టిన పద్యములకు అర్థము జీవితమే నెమ్మదిగా చెప్పుచు వచ్చినది.

ఆ అభిమానము ఒకచోట శ్రీరామునివైపు మరలిన ముచ్చట వినదగినది. విజయనగర సంస్థానములోని ఒక ఉద్యోగికి పుట్టుగ్రుడ్డియైన కుమారుడు కలడు. ఆ బాలునికి సంగీతముపై ఆసక్తి గలదని, నేర్పించు ఏర్పాటు చేయుమని తండ్రి ప్రభువును వేడుకొనెనట. ఒక్క బాలునికై అడిగిన దానికి, ఆ సీమ బాలురందరికి చెందునట్లు 1919వ సంవత్సరమున విజయరామగజపతి మహారాజు గానపాఠశాలను నెలకొల్పెను. కన్నులు లేని కుమారుని కంఠమును నమ్ముకొన్న తండ్రి విన్నపమే నేటి విజయనగర సంగీత నృత్య కళాశాలకు మూలమనుట ఆ సంస్థ చరిత్రలోనే నిలిచినది.

పాఠశాలకు ప్రధానాచార్యులుగా దాసుగారిని ఆహ్వానించిరి. మానవమాత్రుని క్రింద కొలువు చేయనని వారి పట్టుదల. ప్రభువు ఆలోచించి, దానికి శ్రీ విజయరామ గానపాఠశాల యని నామకరణము చేసి, ఇది శ్రీరామచంద్రుని పాఠశాల, తాము చేయునది రామునికి కొలువు అని నచ్చజెప్పినట్లు చెప్పుదురు. రామదాసునకు ఇక కాదనుటకు చోటేది? నాటినుండి 1936వరకు వారు ఆ పాఠశాలను నడిపిరి. రాజునకు తలవంచని శిరస్సు రాముని పేరు విని వంగినది. ఆ పేరు రాజు పేరు కూడ కావడములోని చమత్కారము ఇరువురకును తెలియకపోలేదు.

పాఠశాల తెరచిన సంవత్సరముననే ద్వారం వేంకటస్వామినాయుడను ఇరువదియారేండ్ల యువకుడు అచటికి వచ్చెను. 1893లో దీపావళినాడు జన్మించినవాడు. చిన్ననాటినుండి చూపు మందము. అన్నగారి వద్ద ఫిడేలు అభ్యసించి, ఇంకను నేర్చుకొనవలెనని విద్యార్థిగా చేరుటకై వచ్చినాడు. వాయించుమనగా వాయించెను. విన్నవారు ఆయనను విద్యార్థిగా చేర్చుకొనలేదు. ఫిడేలు ఆచార్యునిగా నియమించిరి. నేర్వవచ్చిన పిన్నవాని విద్యను చూచి పెద్దవాడు తనకు పోటీ యని తలచుట లోకములో కలదు. తమ యభిమానమునకు పేరుపడిన దాసుగారి పాఠశాలలో అట్లు జరుగలేదు. పదునేడేండ్ల పిదప దాసుగారు విశ్రాంతి గైకొన్నప్పుడు ఆ పీఠమెక్కినవారును ఆ నాయుడుగారే. తన విద్యను చూచుకొని పొంగిన హృదయము ఇతరుల బిడ్డ విద్యను చూచి పొంగుట నేర్చినది.

దాసుగారు పండితలోకమునకు చేసిన రచనలు అనేకములు. కాళిదాసును, షేక్స్పియరును నవరసములలో సరిపోల్చి నవరసతరంగిణి రచించిరి. ఉమర్ ఖయాం రుబాయీలను సంస్కృతములోనికి, అచ్చతెలుగులోనికి మార్చి 1932లో ప్రకటించిరి. వీనిని గూర్చి సాహిత్యవేత్తలు చెప్పనిండు. నిత్యపూజ చేసికొను గృహస్థులకు వారు చేసిన ఉపకారము వేరు. శ్రీ విష్ణుసహస్రనామములను, లలితాసహస్రనామములను వారు అచ్చతెనుగులోనికి తెచ్చిరి.

సహస్రనామములు సంస్కృతముననే యుండగా తెలుగుచేయుటెందుకని ప్రశ్న రావచ్చును. భీష్ముడు అంపశయ్యపైనుండి ధర్మరాజునకు చెప్పిన ఆ వేయినామములను ప్రతిదినము పఠించువారు వేలకొలది కలరు. వారిలో ప్రతినామమునకు అర్థమెరిగినవారు కొలదిమందియే. విష్ణువును వెన్నుడనియు, శ్రీని సిరియనియు పలికినపుడు, దేవుడు పట్టుపీఠమునుండి దిగివచ్చి ఇంటి అరుగుమీద కూర్చున్నట్లుండును. వేదపాఠము లేని ఇల్లాలు వంటయింటిలో, చేను గట్టున కాపు, కొడుకును ఊయల నూపుచు తల్లి తమ నోటిమాటతోనే ఆయనను పిలువగలరు. అచ్చతెలుగు కవిత్వమును కొందరు పండితుల వింతగారడి యనుకొందురు. దాసుగారి అచ్చతెలుగులో కఠినములైన మాటలు లేకపోలేదు, అది ఒప్పుకొనవలసినదే. కాని నాలుగైదు భాషలు చేతిలోనున్న పండితుడు వృద్ధాప్యమున వేయినామములు చెప్పుకొనుటకు అమ్మ మాటలనే వెదకికొనెనన్నది గమనింపవలెను. దీపము ముందు కూర్చుండబెట్టి నేర్పిన ఋణము అట్లు తీరినది.

పాఠశాలను విడిచిన పిదపను వారు విజయనగరమునే నివాసముగా గొని, 1945వ సంవత్సరము జనవరి 2వ తేదీన ఎనుబదియేండ్ల వయస్సున పరమపదించిరి.

అంతకు కొలది సంవత్సరముల ముందు, కృష్ణాతీరమునుండి ఒక పేద బాలుడు సంగీతము నేర్వవలెనని విజయనగరము చేరియుండెను. వాని తండ్రి సూరయ్యగారు నారాయణతీర్థుల తరంగములు పాడుచు, పసివాడైన కొడుకును భుజముపై ఎక్కించుకొని భజనలకు తిప్పినవారు. కొడుకు పెద్దవాడగుట చూడకయే కన్నుమూసినవారు. ద్వారంవారు అధ్యక్షులుగానున్న ఆ పాఠశాలలో, ఊరివారి యిండ్ల మధుకరముతో ఆకలి తీర్చుకొనుచు ఆ బాలుడు విద్య ముగించెను. ఆయనయే ఘంటసాల వేంకటేశ్వరరావు. 1974లో దివంగతుడగుటకు ముందు ఆయన పాడిన భగవద్గీత నేటికిని తెల్లవారుజామున దేవాలయముల మైకులనుండి, శృంగవరపుకోట సంతకు పోవు బండ్లబాటలమీదుగా, కల్లాపి చల్లుచున్న ఇల్లాండ్ర చెవిని పడుచున్నది.